స్టెయిర్‌కేస్ వైరింగ్ పరీక్ష, ఫోన్ కెమెరా ముందు: మా ఐటీఐ ప్రాజెక్టు డైరీ

నవంబరు మొదటి వారం

ఎలక్ట్రీషియన్ రెండో ఏడాది పిల్లలు ఆన్ ద జాబ్ ట్రైనింగ్‌కి వెళ్లే రోజులొచ్చాయి. సిలబస్ ప్రకారం ఏడాదికి 150 గంటలు. కొందరు ఒంగోలు, కొందరు గుంటూరు, ఇంకొందరు హైదరాబాదు వెళ్తున్నారు. కంభం, గిద్దలూరు వైపు పిల్లలకు దగ్గర్లోనే చోటు దొరికింది కాబట్టి ఇళ్ల దగ్గర్నుంచే వెళ్లొస్తారు. అందరూ ఇలా తలో దిక్కూ ఉన్న సమయంలోనే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే శిక్షణ సాగుతుండగానే మేం పెట్టే పరీక్ష, కూడా జరగాలి. తిరిగొచ్చాక హడావిడిగా ఒకదాని వెంట ఒకటి జాబులు (ప్రాక్టికల్ పనులు) చేయించి మార్కులు వేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ హడావిడిలో పిల్లవాడి చెయ్యి ఎంత తిరిగిందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

అందుకే ఈసారి ఒక జాబు తీసుకుని, పిల్లలు ఎక్కడున్నారో అక్కడే ఫోన్ కెమెరా ముందు పరీక్ష పెట్టి చూద్దామనుకున్నాం. నేనూ, పక్క సెక్షన్ చూసే ఏటీఓ (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) గారూ కలిసి మొదలుపెట్టాం. చివర్లో జరిగే ఆలిండియా ట్రేడ్ టెస్టు ప్రాక్టికల్ జోలికి మేం పోవడం లేదు, అది వర్క్‌షాపులోనే జరగాలి. ఇది ఫార్మేటివ్ వరకే.

జాబు ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు. స్టెయిర్‌కేస్ వైరింగ్: ఒక బల్బు, రెండు టూ వే స్విచ్‌లు, కింద వేసి పైన ఆర్పుకోవాలి. ప్రతి పిల్లవాడూ మొదటి ఏడాదిలోనే చేసి ఉంటాడు, బోర్డు మోసుకెళ్లడానికి చిన్నది, తప్పు చేస్తే ఎక్కడ చేశాడో స్పష్టంగా తెలుస్తుంది.

అసలు చిక్కు మార్కుల దగ్గరుంది. 2020 లాక్‌డౌన్‌లో చాలాచోట్ల పూర్తయిన బోర్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టమని మార్కులు వేశారు. ఫొటోలో బోర్డు అందంగానే ఉంటుంది. అది ఎవరు కట్టారో, ఎవరు పక్కన నిలబడి చెప్పారో, సప్లై ఉండగానే చెయ్యి పెట్టారో లేదో ఫొటో చెప్పదు. ఐటీఐల శిక్షణ చూసే కేంద్ర సంస్థ డీజీటీ సిలబస్‌లో మార్కుల పట్టిక తీసి మళ్లీ చదివితే ఈ లోటు ఎంత పెద్దదో అర్థమవుతుంది. 60 నుంచి 75 శాతం అంటే అప్పుడప్పుడూ సాయం తీసుకుని సరిపడా పనితనం చూపినవాడు. 75 నుంచి 90 అంటే కొద్దిపాటి సాయంతో మంచి పని చేసినవాడు. 90 దాటాలంటే దాదాపు ఎవరి సాయమూ లేకుండా చేయాలి. ప్రాక్టికల్లో పాసవ్వాలన్నా 60 శాతం రావాలి. మార్కు మెట్టు మారేది పని నాణ్యత ఒక్కదాంతోనే కాదు, ఎంత సాయం తీసుకున్నాడన్నదాంతో కూడా. సరిగ్గా ఆ సంగతే కెమెరా దాచేస్తుంది. ఈ ప్రాజెక్టంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరగాలని గోడ మీద రాసిపెట్టుకున్నాం: సాయం కనబడాలి, లెక్కకు రావాలి.

నవంబరు రెండో వారం

కిట్టు తయారుచేశాం. అడుగున్నర చదరం ప్లైవుడ్ బోర్డు, రెండు టూ వే స్విచ్‌లు, వాటికి సర్ఫేస్ బాక్సులు, ఒక బ్యాటెన్ హోల్డరు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, క్లిప్పులు, చిన్న మల్టీమీటరు. స్ట్రిప్పరు, కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవర్లు పిల్లల దగ్గర ఉన్నవే.

సప్లై గురించి మా ఇద్దరిలో రెండో మాట లేదు. ఇంట్లో 230 వోల్టుల మీద, పక్కన ఇన్‌స్ట్రక్టరు లేకుండా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంపే బ్రేకరు) ఉందో లేదో తెలియని లైను మీద పిల్లల చేత పరీక్ష చేయించకూడదు. అందుకని 12 వోల్టుల డీసీ అడాప్టరు, షార్ట్ అయితే తనంతట తానే ఆగిపోయే రకం. సోలార్ ఇళ్లలో వాడే 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు మామూలు హోల్డరులోనే పడతాయి కాబట్టి జాబు స్వరూపం మారదు. ఆ సౌకర్యంలోనే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా ఆ బల్బు తీసుకెళ్లి మామూలు హోల్డరులో పెడితే పేలిపోతుంది. ప్రతి బల్బు మెడకీ ఎర్ర రంగు కొట్టి, దాని మీద రోల్ నంబరు రాసి, జాబ్ షీటులో మొదటి వాక్యంగా ఆ హెచ్చరిక పెట్టాం.

"12 వోల్టుల బల్బుతో చేసేది పరీక్షేనా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఫేజు స్విచ్‌లోకి వెళ్లాలి, న్యూట్రల్ నేరుగా హోల్డరుకు పోవాలి, స్క్రూ కింద తీగ పోగులు విడిపోకూడదు, సప్లై ఇవ్వకముందు కంటిన్యుటీ, అంటే దారి ఎక్కడా తెగకుండా ఉందో లేదో, చూసుకోవాలి. వీటిలో ఏదీ వోల్టేజీని బట్టి మారదు. ప్లస్ వైరునే ఫేజు అనుకోవాలని, ఎరుపే వాడాలని షీటులో రాశాం.

ఫోను నిలబెట్టే స్టాండు సంగతి పిల్లలే తేల్చారు. కండ్యూటుకి వాడే పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలు, టీలతో వర్క్‌షాపులోనే కట్టుకున్నారు. ఎవరి స్టాండు వాళ్లే కట్టుకోవడం వల్ల ఊళ్లో ఊడిపోయినా బిగించుకోగలరు. ఎక్కడ నిలబెట్టాలన్నది మాత్రం మేం చాలా కోణాలు మార్చి చూశాకే తేలింది. ఎదురుగా పెడితే బోర్డు కనబడుతుంది, స్క్రూ కనబడదు. కుడిచేతి వాటం పిల్లలకు ఫోను ఎడమవైపు, బోర్డుకు కాస్త పైన, వాలుగా కిందికి చూసేట్టు పెడితే చెయ్యి అడ్డురాదు. ఎడమచేతి వాటం వాళ్లకు తిరగేసి పెట్టాలి.

నవంబరు మూడో వారం

వర్క్‌షాపులోనే, పిల్లలు బయల్దేరకముందు, రిహార్సల్. ఒక గదిలో పిల్లవాడు, ఇంకో గదిలో మేం, మధ్యలో ఫోను.

రంగుల సంగతి మొదట బయటపడింది. రెండు స్విచ్‌ల మధ్య నడిచే వైర్లకు పసుపు, నీలం ఇచ్చి ఉన్నాం. సాయంత్రం బల్బు వెలుతురులో ఫోను తెర మీద నీలానికీ నలుపుకీ తేడా తెలియలేదు. న్యూట్రల్ నలుపు కాబట్టి ఏ వైరు ఎటు పోతోందో మార్కులు వేసేవాళ్లు గుర్తుపట్టలేరు. నీలం తీసేసి తెలుపు ఇచ్చాం. ఆకుపచ్చ ముట్టుకోలేదు, అది ఎర్తు రంగు. దూరం నుంచి చూసేవాళ్ల వసతి కోసం పిల్లల కళ్లకు తప్పుడు అలవాటు నేర్పకూడదు.

తర్వాత మల్టీమీటరు బజరు. కంటిన్యుటీ ఉంటే బీప్ మనాలి. పిల్లవాడి గదిలో మోగుతోంది, మా గదిలో వినబడటం లేదు. వీడియో కాల్ యాప్ ఆ ఏకధాటి కూతను రొద అనుకుని వడకట్టేస్తోంది. సెట్టింగుల్లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆపితే వచ్చింది. అయితే పిల్లల ఫోన్లన్నిటిలో ఆ సెట్టింగు దొరకదు. అందుకని నియమం మార్చాం: బజరుతో పని లేదు, మీటరు డిస్‌ప్లే కెమెరా దగ్గరికి తెచ్చి ఒక్క క్షణం ఆపి చూపించాలి, అంకె నోటితో చదవాలి. ఇది నిజానికి మెరుగైన అలవాటు. కూత వినగానే సరేననుకునే పిల్లవాడికీ, అంకె చదివే పిల్లవాడికీ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ దగ్గరికి వచ్చేసరికి తేడా తెలుస్తుంది.

నెట్‌వర్కు. పెద్దదోర్నాల దాటి నల్లమల వైపు వెళ్తే కొన్ని గూడేల్లో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. గంటసేపు లైవ్ కాల్ కుదరదు. కాబట్టి పరీక్షను రెండు భాగాలు చేశాం. బోర్డు కట్టే భాగం ఫోనులో తెంపు లేకుండా రికార్డు చేయాలి. మొదలుపెట్టే ముందు మేం ఒక అంకె మెసేజ్ పంపుతాం. దాన్ని, రోల్ నంబరును చీటీ మీద రాసి బోర్డు మూల అంటించాలి, అంతకు ముందు తీసిన వీడియో కాదని తెలియడానికి. వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టేయాలి, ఎందుకంటే మధ్యలో ఫోన్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. బోర్డు పూర్తయ్యాక ఫ్లైట్ మోడ్ తీసి మాకు కాల్ చేయాలి. ఆ లైవ్ భాగం పావుగంట. సిగ్నల్ కోసం మేడ మీదికి పోవాల్సి వస్తే బోర్డు పట్టుకుని పోవచ్చు.

లైవ్ భాగంలో ఏం అడగాలన్నదాని మీదే మేం ఎక్కువ సమయం పెట్టాం. అన్న చెప్పినా, యూట్యూబ్ చూసినా బోర్డు కట్టేయొచ్చు. కట్టిన బోర్డులో అప్పటికప్పుడు ఒక మార్పు చేయమంటే మాత్రం సొంత బుర్ర పనిచేయాలి. నాలుగైదు మార్పులు రాసుకున్నాం, ఎవరికి ఏది వస్తుందో ముందుగా చెప్పం. ప్రతి మార్పుకూ ఒకటే వరస: మార్చు, సప్లై ఇవ్వకముందు ఏం జరుగుతుందో చెప్పు, ఇచ్చి చూపించు, ఎందుకలా అయిందో చెప్పు. ఎక్కడైనా తడబడితే మేం సూచన ఇస్తాం. ప్రతి సూచనా షీటులో గీతగా పడుతుంది. సాయం లెక్కకు రావడమంటే మా ఉద్దేశం ఇదే. సాయం అడగడం నేరం కాదు, అది ఏ మెట్టు పనితనమో చెప్పే ఆనవాలు.

డిసెంబరు మొదటి వారం

మొదటి పరీక్షలు. వేళలు పిల్లలనే అడిగి పెట్టాం. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను ఉంటే అది పగలంతా నాన్నతో పలకల క్వారీకో పొలానికో వెళ్తుంది. అందువల్ల ఎక్కువ మందికి రాత్రి ఏడు తర్వాతే కుదిరింది. ఫోనే లేనివాళ్లు ఐటీఐకి వచ్చి పక్క గదిలో కూర్చుని ఇదే పద్ధతిలో చేశారు, మార్కుల షీటూ అదే.

త్రిపురాంతకం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి పరీక్ష వివరంగా రాయాలి. వీడియోలో పని శుభ్రంగా ఉంది. డయాగ్రం ముందు గీసింది, వైరు స్కేలు పక్కన పెట్టి ఇన్సులేషన్ ఎంత తీసిందో చూపించింది, ప్రతి స్క్రూ బిగించాక వైరును లాగి చూసింది. కాల్ కలిపాక అడాప్టరు పెట్టింది. బల్బు వెలగలేదు.

"వెలగట్లేదు సార్."

"సరేనమ్మా, ఏం చేస్తావు?"

అడాప్టరు తీసేసింది. నేను చెప్పకముందే తీసేసింది, అది రాసుకున్నాను. ఒక్కో వైరూ మీటరుతో చూసుకుంటూ అంకెలు చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ సప్లై ఇచ్చి, బల్బు తీసి, హోల్డరు పిన్నుల దగ్గర వోల్టేజీ చూసింది. 12 వస్తోంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "వైరింగ్ తప్పు కాదు సార్. ఇది డీసీ కదా, బల్బుకి ప్లస్ మైనస్ తిరగబడిందేమో." సప్లై తీసి, బల్బును సగం తిప్పి మళ్లీ పెట్టింది. వెలిగింది.

కిట్టులోని కొన్ని బల్బులు ఒక్క దిక్కునే వెలిగే రకమని అలా తెలిసింది. బయోనెట్ హోల్డరులో బల్బు రెండు రకాలుగానూ కూర్చుంటుంది కాబట్టి ఆ రకం బల్బు వచ్చినవాళ్లలో సగం మందికి ఈ ఇబ్బంది ఎదురవుతుంది. ఆ అమ్మాయి తర్కం చూశాక, దీన్ని అలాగే వదిలేస్తే మంచి ఫాల్ట్ ఫైండింగ్ ప్రశ్న అవుతుందని నాకు ఆశ కలిగింది. ఏటీఓ గారు ఒప్పుకోలేదు. 230 వోల్టుల ఏసీలో ఈ సమస్యే రాదు, స్టెయిర్‌కేస్ వైరింగ్ తెలిసిన పిల్లవాడు వైరింగ్‌కి సంబంధం లేని కారణంతో కంగారుపడి మార్కులు పోగొట్టుకుంటాడన్నారు. ఆయన మాటే సబబు. మిగతా కిట్లలో ఎటు పెట్టినా వెలిగే బల్బులు మార్చాం. ఆ అమ్మాయికి మాత్రం సూచన గీత ఒక్కటీ పడలేదు.

డిసెంబరు రెండో వారం

లైవ్ భాగంలో నాకు బాగా పనికొచ్చిన మార్పు ఇది. టూ వే స్విచ్‌కి మూడు పాయింట్లు: మధ్యది కామన్, అది ఒకసారి ఎల్ 1కి, ఒకసారి ఎల్ 2కి కలుస్తుంది. మెట్ల పై స్విచ్‌లో కామన్ పాయింటు నుంచి బల్బుకి వెళ్లే వైరునూ, ఎల్ 1లో ఉన్న పసుపు వైరునూ ఒకదాని చోట ఒకటి పెట్టమంటాం. పని చాలా చిన్నది, రెండు స్క్రూలు. ఏం జరుగుతుందో చెప్పడానికి మాత్రం కరెంటు దారి మొత్తం మనసులో గీసుకోవాలి.

కొమరోలు కుర్రాడికి ఇది వచ్చింది. మార్చేశాడు. ఏం జరుగుతుందిరా అంటే ఆలోచనలో పడ్డాడు. కెమెరా బయట నుంచి ఎవరో "అసలు వెలగదని చెప్పరా" అన్నారు. వీడు అటు తిరిగి, "అన్నా, నువ్వు చెప్పమాక, సార్ నన్నడిగాడు" అన్నాడు. తర్వాత వేలితో వైర్ల మీద దారి గీస్తూ చెప్పాడు: పై స్విచ్ ఇటు ఉంటే పసుపు వైరు నుంచి బల్బుకి దారి ఉంది కాబట్టి కింది స్విచ్ పనిచేస్తుంది. పై స్విచ్ అటు వేస్తే పసుపూ తెలుపూ ఒకదానికొకటి కలిసిపోతాయి, బల్బుకి దారి ఉండదు, కింది స్విచ్ ఎటు నొక్కినా వెలగదు. సప్లై ఇచ్చి చూపించాడు. అచ్చం అలాగే అయింది.

అన్న మాట విన్నామని షీటులో రాశాం. ఆ మాట తప్పు, వీడు దాన్ని తీసుకోలేదు. అందుకని అది సాయంగా లెక్కలోకి రాలేదు. ఇంట్లోవాళ్లను గదిలోంచి పంపేయమని మేం అడగం. ఒకే గది ఇళ్లలో అది కుదిరే పని కాదు, పరీక్ష రాసే పిల్లకు అమ్మ పక్కన లైటు పట్టుకుని నిలబడితే తప్పేమీ లేదు. పని చేసే చేతులు, చెప్పే నోరు పిల్లవాడివి కావాలి, అంతే.

ఇంకో మార్పు స్విచ్‌ను న్యూట్రల్‌లో పెట్టించడం. బల్బు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది. ఆరిపోయాక "ఇప్పుడు హోల్డరులో చెయ్యి పెట్టొచ్చా?" అని అడుగుతాం. మీటరు నల్ల ప్రోబు అడాప్టరు మైనస్ మీద, ఎర్ర ప్రోబు హోల్డరు పిన్ను మీద పెడితే, బల్బు ఆరి ఉన్నా 12 వోల్టులు చూపిస్తుంది. పాఠంలో చాలాసార్లు చెప్పిన విషయమే. వర్క్‌షాపులో 230 మీద దీన్ని పిల్లల చేత చేయించడానికి మనసొప్పదు. 12 వోల్టుల బోర్డు మీద వాళ్లంతట వాళ్లే కొలిచి, ఆ అంకె చూసి, ఒకరిద్దరు వెంటనే తమ ఇంటి స్విచ్‌బోర్డు గురించి అడిగారు. మూత తీయొద్దని, టెస్టరు పట్టుకుని ప్రయోగాలు చేయొద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

సేఫ్టీ విషయంలో మేం మెత్తబడలేదు. అడాప్టరు ప్లగ్గులో ఉండగా టెర్మినల్ ముట్టుకుంటే ఆ జాబు మళ్లీ చేయాలి, మిగతాది ఎంత బాగున్నా సరే. "12 వోల్టులే కదా సార్, ఏమవుద్ది?" అన్నవాళ్లున్నారు. 12కి ఏమీ కాదు. రేపు ఎవరింట్లోనో 230 దగ్గర అదే చెయ్యి అదే అలవాటుతో వెళ్తుంది. కరెంటు పోయినప్పుడు బైకు బ్యాటరీకి కలుపుకుంటానని ఒకరు అడిగితే వద్దన్నాం. అదీ 12 వోల్టులే, కానీ షార్ట్ అయితే అడాప్టరులా ఆగదు, వైరు కాలేంత కరెంటు తోస్తుంది. కరెంటు వచ్చాకే చేయమని వేళ మార్చి ఇచ్చాం.

డిసెంబరు చివరి వారం

మార్కులు. ఒకే వీడియోకి ఇద్దరం విడివిడిగా, ఒకరి షీటు ఒకరు చూడకుండా వేశాం. తర్వాత పక్కపక్కన పెట్టుకుని చూశాం. సప్లై తీశాడా, ముందు కంటిన్యుటీ చూశాడా, ఫేజు స్విచ్‌లోకి ఇచ్చాడా అన్నచోట మాకు తేడా రాలేదు. "పని నీటుగా ఉంది" అన్న వరసలో మాత్రం ఇద్దరికీ పొంతన లేదు. నాకు నచ్చిన బోర్డు ఆయనకు గజిబిజి. ఆ వరసనే కొట్టేసి, కంటికి కనబడేవి రాశాం: వైరు మూల తిరిగేచోట వంపు లంబంగా ఉందా, క్లిప్పుల మధ్య దూరం సమంగా ఉందా, స్క్రూ కింద నుంచి రాగి బయటికి కనబడుతోందా, బాక్సులో మళ్లీ విప్పుకోవడానికి సరిపడా వైరు వదిలాడా. మళ్లీ వేస్తే తేడా బాగా తగ్గింది. ఆన్‌లైన్ గొడవ లేకపోయినా వర్క్‌షాపు పరీక్షలకు కూడా ఈ వరసలే వాడబోతున్నాం.

కెమెరాకు అందనివి ఒక కాగితం మీద విడిగా పెట్టాం. స్క్రూ ఎంత గట్టిగా బిగిసిందన్నది వైరు లాగి చూపించినా పూర్తిగా తెలియదు. కిట్టు వెనక్కి వచ్చాక స్క్రూడ్రైవరు పెట్టి మేమే చూస్తాం. మెగ్గర్, ఎర్త్ టెస్టింగ్, మోటార్ వైండింగ్, త్రీఫేజు స్టార్టర్లు, షాక్ తగిలినవాడికి చేసే ప్రథమ చికిత్స, ఇవన్నీ వర్క్‌షాపులో, పక్కన మనిషి ఉండగానే. ఇందులో బేరం లేదు.

వీడియోల భద్రత గురించి ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఫ్రేములో బోర్డు, చేతులు చాలు. మొదట్లో ఒక్కసారి ముఖం, ఐడీ కార్డు చూపిస్తే అయిపోతుంది. ఏ వీడియో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లదు. ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లో ఒక ఫోల్డరు, తాళం మా ఇద్దరి దగ్గరే. ఫార్మేటివ్ ఆధారాలు తర్వాతి పరీక్ష వరకు ఆడిట్ కోసం ఉంచాలి కాబట్టి అప్పటిదాకా ఉంచి తర్వాత తుడిచేస్తాం. ఇది కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ప్రతి ఇంటికీ పంపాం.

జనవరి మొదటి వారం

తర్వాతి జాబు మొదలైంది: మోటారును నేరుగా లైనుకు కలిపే డీఓఎల్ స్టార్టరు కంట్రోల్ సర్క్యూటు. కాంటాక్టరు (మోటారుకు సప్లై కలిపే విద్యుదయస్కాంత స్విచ్) బదులు 12 వోల్టుల రిలే, ఆకుపచ్చ స్టార్టు బటన్ మామూలుగా తెరిచి ఉండేది, ఎరుపు స్టాపు బటన్ మామూలుగా మూసి ఉండేది, స్టార్టుకు సమాంతరంగా, బటన్ వదిలినా రిలేను పట్టి ఉంచే హోల్డింగ్ కాంటాక్టు. మోటారు బదులు అదే బల్బు. లైవ్ భాగంలో హోల్డింగ్ వైరు తీసేయమని అడిగితే, బటన్ మీద వేలున్నంతసేపే ఎందుకు వెలుగుతోందో పిల్లవాడు చెప్పాలి. సూచనల పట్టిక ఏటీఓ గారు రాస్తున్నారు. ఈసారి ఏ సూచన ఎప్పుడు ఇవ్వాలో కూడా అందులో ఉంటుంది, ఇద్దరం ఒకే వరసలో ఇవ్వడానికి.

రిలే బేసులు సోమవారం వస్తాయని షాపతను చెప్పాడు. రాగానే మొదటి బోర్డు త్రిపురాంతకం అమ్మాయికి ఇచ్చి, జాబ్ షీటులో అర్థం కాని వాక్యాల కింద గీతలు పెట్టమని అడుగుతాం.